పదకొండింటి కంచం గురించి ధ్యాన కేంద్రం పెద్దలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ట్రస్టు సభ్యులకు, ఆచార్యులకు, వంటశాలలో సేవ చేస్తున్న అన్నయ్యలకు, అక్కయ్యలకు నమస్కారం.

మన కేంద్రంలో పది రోజుల మౌన ధ్యాన కోర్సు జరిగేటప్పుడు పొద్దున్నే ఆరున్నరకు టిఫిన్ పెడతారు. పదకొండింటికి భోజనం. సాయంత్రం ఐదింటికి కొత్త సాధకులకు టీ, ఒక పండు, గుప్పెడు మరమరాలు. ఇంతకుముందు కోర్సు చేసి, అష్టశీలాలు (మధ్యాహ్నం తరవాత తినకపోవటం వాటిలో ఒకటి) తీసుకున్న పాత సాధకులకు నిమ్మకాయ నీళ్ళు. ఆ తరవాత రాత్రి తొమ్మిది దాకా సాధన, ప్రవచనం. మళ్ళీ తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. పాత సాధకులకు పదకొండింటి భోజనానికీ మర్నాటి టిఫినుకూ మధ్య పందొమ్మిదిన్నర గంటల ఎడం. ఇంట్లో అయితే మధ్యాహ్నం తిండి సరిగ్గా కుదరకపోతే రాత్రికి సర్దుకుంటాం. ఇక్కడ ఆ వీల్లేదు. పదకొండింటికి కంచంలో ఏది పడితే దానితోనే మనిషి ఆ రోజంతా కూర్చోవాలి, ఆ రాత్రి పడుకోవాలి, చీకటితో లేచి మళ్ళీ కూర్చోవాలి.

అందుకే ఆ కంచం గురించి రాస్తున్నాను. గుంటూరులో చాలాకాలం హోమ్‌సైన్స్ పాఠాలు చెప్పినదాన్ని. మన కేంద్రంలో సాధకురాలిగా కూర్చున్నాను, వంటింట్లో సేవ చేశాను. నేను కోరేది ఇది: తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం, పంచదార, మైదా, రిఫైన్డ్ నూనెల నుంచి మన వంటింటిని ఒక ఏడాది వ్యవధిలో మెల్లగా తప్పించండి. చుట్టుపక్కల ఊళ్ళలో ప్రకృతి సేద్యం చేస్తున్న రైతుల పంటను ఆ వంటింట్లోకి తీసుకురండి. ఈ పనిని సాధనలో భాగంగా చూడండి.

వంటింట్లో ప్రేమకు లోటు లేదు. అందరికంటే ముందు లేచి పొయ్యి వెలిగించే సేవకులను దగ్గర నుంచి చూశాను. ఎవరూ ఆకలితో లేవకూడదని వాళ్ళు పడే ఆరాటం నాకు తెలుసు. కానీ ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, దాన్ని మనం సరిగ్గా గుర్తించలేదని నా అభిప్రాయం. సాధకులు మౌనంలో ఉంటారు. హోటల్లో కూర బాగోకపోతే అడుగుతాం, ఇంట్లో అయితే విసుక్కుంటాం. ఇక్కడ నూనె ఎక్కువై గుండెల్లో మంట వచ్చినా, మూడు రోజులుగా విరేచనం కాకపోయినా చాలామంది చెప్పరు. మేనేజరుకు చీటీ రాసి ఇవ్వొచ్చని తెలిసినా, ఇంత చిన్న విషయానికి ఎందుకులే అని ఊరుకుంటారు. చివరి రోజు మౌనం విడిచేసరికి అందరి మనసూ కృతజ్ఞతతో నిండి ఉంటుంది, అప్పుడు తిండి గురించి ఎవరు మాట్లాడతారు? అలా ఏ కోర్సు అయినా వంటింటికి చేరేది మెచ్చుకోలే. తినేవాళ్ళు నోరు విప్పలేని చోట వండేవాళ్ళ బాధ్యత రెట్టింపు అవుతుంది.

"సాధకుడు పెట్టింది తినాలి, రుచులు ఎంచకూడదు, భిక్షువు పాత్రలో ఏది పడితే అది తింటాడు కదా" అని మీలో కొందరు అంటారని ఊహించగలను. నిజమే, కానీ అది తినేవాడి నియమం. పెట్టేవాడి నియమం వేరే ఉంది. బుద్ధుడి బోధల సంకలనాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలో సత్పురుషుడి దానం ఎలా ఉంటుందో చెప్పిన చోట, శుచిగా, శ్రేష్ఠంగా, సమయానికి, తగినదిగా ఇస్తాడని ఉంది. తినేవాడు ఎంచుకోడు కాబట్టి పెట్టేవాడు ఎంచి పెట్టాలి. సాధకుల వైరాగ్యాన్ని చూపించి మనం నాసిరకం సరుకు కొనకూడదు.

ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటకు జరిగే సిట్టింగ్ సంగతి. భోజనం, కాస్త విశ్రాంతి అయ్యాక హాల్లోకి వచ్చి కూర్చుంటే సగం మంది తలలు ముందుకు వాలిపోతుంటాయి. ధ్యానానికి అడ్డొచ్చే పంచ నీవరణాల్లో థీనమిద్ధం, అంటే మగత, ఒకటని, మగతను దాటడమే సాధన అని ఆచార్యులు చెబుతారు. అందులో మనసు పాత్ర ఎంతుందో ఆచార్యులకే తెలియాలి. కంచం పాత్ర మాత్రం నేను చెప్పగలను. తెల్లటి అన్నం కొండలా పెట్టుకుని, మీద బంగాళాదుంప వేపుడు, అప్పడం, ఎవరో దాత తెచ్చిన లడ్డూ తింటే రక్తంలో గ్లూకోజు గబగబా పెరుగుతుంది. కడుపు బరువెక్కుతుంది, కళ్ళు మూసుకుపోతాయి. పీచు తక్కువ కాబట్టి సాయంత్రం అయ్యేసరికి మళ్ళీ ఆకలి మొదలవుతుంది. రాత్రి ప్రవచనం వింటున్నంతసేపూ మర్నాటి టిఫిన్ గుర్తొస్తుంటుంది. మధ్యాహ్నం మగత, రాత్రి ఆకలి, ఈ రెండూ ఒకే కంచం నుంచి వస్తున్నాయి.

తొలినాటి భిక్షువుల పద్యాలైన థేరగాథల్లో, బుద్ధుడి ముఖ్య శిష్యుడు సారిపుత్తుడి మాట ఒకటి ఉంది. ఇంకా నాలుగైదు ముద్దలు పడతాయనిపించినప్పుడే ఆపి నీళ్ళు తాగాలి, సాధన చేసే భిక్షువు హాయిగా ఉండటానికి అంతే చాలు అంటాడు. నాకు ఎంతో ఇష్టమైన మాట ఇది. ఎంత తూచి చెప్పాడో చూడండి, తిండి మానెయ్యమని చెప్పలేదు. అయితే ఆ చివరి నాలుగైదు ముద్దలు వదులుకోవాలంటే, అంతకుముందు తిన్న ముద్దల్లో సత్తువ ఉండాలి. పాలిష్ బియ్యం తిన్నవాడు ఆ ముద్దలు వదిలితే రాత్రికి నీరసించిపోతాడు. పప్పు, ఆకుకూర, ముడి ధాన్యం తిన్నవాడు నిశ్చింతగా వదలగలడు.

కోసల రాజు పసేనది కథ మీకందరికీ తెలిసిందే, అయినా ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. ఆయన కుంచాల లెక్కన అన్నం తిని, ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరకు వచ్చి కూర్చునేవాడు. బుద్ధుడు ఆయన్ను మందలించలేదు. మెలకువతో ఉండి, దొరికిన భోజనంలో మితం తెలిసినవాడికి బాధలు పలచబడతాయి, వయసు మెల్లగా పైబడుతుంది, ఆయుష్షు నిలుస్తుంది అనే అర్థం వచ్చే ఒక గాథ చెప్పాడు. రాజు వెనక నిలబడ్డ సుదస్సనుడనే యువకుడు దాన్ని నేర్చుకుని, రోజూ రాజు భోజనానికి కూర్చున్నప్పుడు చదివి వినిపించాడు. రాజు ఒక్కరోజులో మారలేదు. మెల్లమెల్లగా తగ్గించుకుంటూ చివరికి నాళిక (ఒక చిన్న కొలత) అన్నం దగ్గర ఆగాడు. ఒళ్ళు తేలికపడ్డాక చేత్తో తడుముకుని, బుద్ధుడు తనకు ఈ జన్మకూ మేలు చేశాడు, ముందు జన్మకూ మేలు చేశాడు అన్నాడట. సంయుత్త నికాయంలో ఉన్న ఈ చిన్న సూత్రాన్ని మన భోజనశాల గోడ మీద తెలుగులో రాయిస్తే ఎంత బాగుంటుంది! ఇప్పుడు అక్కడ 'ఆహారం వృథా చేయరాదు' అనే బోర్డు ఒక్కటే ఉంది.

టిఫిన్ నుంచి మొదలుపెట్టొచ్చు. అది అన్నిటికంటే తేలిక. ఇప్పుడు వారంలో రెండు సార్లు పూరీ, ఒకసారి మైసూర్ బజ్జీ, మిగిలిన రోజులు బొంబాయి రవ్వ ఉప్మా, ఇడ్లీ. పూరీలు వేయించిన నూనె మర్నాడు కూరల్లోకి వస్తోంది, ఇది ముందు ఆగాలి. వీటి బదులు జావ పెట్టండి. అంధకవిందంలో ఒక బ్రాహ్మణుడు భిక్షుసంఘానికి జావ వడ్డించినప్పుడు బుద్ధుడు జావకు పది గుణాలు చెప్పాడని భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో, మహావగ్గ అనే భాగంలో ఉంది. జావ ఇచ్చినవాడు ఆయుష్షు, వర్ణం, సుఖం, బలం, ప్రతిభ ఇచ్చినట్టేనట. తాగినవాడికి ఆకలి, దప్పిక తీరతాయి, వాతం సర్దుకుంటుంది, మూత్రాశయం శుభ్రపడుతుంది, అరగనిది అరుగుతుంది. రెండున్నర వేల ఏళ్ళ కిందటి ఆ మాటను ఇప్పుడు ఏ డైటీషియన్ ముందు పెట్టినా చాలావరకు తల ఊపుతారు.

జావ మనకు కొత్తది కాదు. రాగిపిండి రాత్రే నీళ్ళలో కలిపి ఉంచి, పొద్దున కాచి, చల్లారాక పలచటి మజ్జిగ పోసి, జీలకర్ర, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేస్తే వందమందికి చెయ్యడం పూరీలు చేసినంత కష్టం కాదు. ఒకరోజు జొన్న నూకతో, ఒకరోజు కొర్ర నూకతో చెయ్యొచ్చు. పక్కన అలసందల గుగ్గిళ్ళు, లేదంటే ఆవిరి పట్టిన పెసర మొలకలు. మినప ఆవిరికుడుము మన జిల్లాల వాళ్ళకు చెప్పక్కర్లేదు, నూనె చుక్క అక్కర్లేని టిఫిన్ అది. ఇడ్లీ ఎలాగూ ఉండనే ఉంది. ఒక్క జాగ్రత్త: మొదటి మూడు రోజులు శనగలు, అలసందలు వద్దు. చోటు మారి, నీళ్ళు మారి, రోజుకు పది గంటలు కదలకుండా కూర్చోవటం మొదలుపెట్టిన శరీరం గ్యాస్‌తో, మలబద్ధకంతో అవస్థ పడుతుంది. ఆ మూడు రోజులు జావ, బొప్పాయి ముక్కలు, ఆకుకూరలు, గోరువెచ్చటి నీళ్ళు చాలు. నాలుగో రోజు నుంచి గుగ్గిళ్ళు పెట్టొచ్చు. చద్దన్నం కూడా పెడదామని కొందరు ఉత్సాహపడుతున్నారు. ఇంట్లో అది మంచి తిండే. మన వేసవిలో వందమందికి రాత్రంతా నిలవ ఉంచిన అన్నం పెట్టటం మాత్రం వద్దు, తేడా వస్తే ఒకేసారి అందరూ జబ్బు పడతారు.

ఇక భోజనం. పైసా ఖర్చు లేని పని ఒకటి వచ్చే కోర్సుకే చెయ్యొచ్చు. ఇప్పుడు వడ్డన బల్ల మీద మొదట అన్నం గుండిగ ఉంటుంది, చివర కూరలు. కంచం సగానికి పైగా అన్నంతో నిండాక ఆ చివర కూరకు చోటు ఎక్కడుంటుంది? వరసను తిప్పేయండి. ముందు పచ్చి కూరగాయ ముక్కలు, తరవాత కూర, పప్పు, పచ్చడి, ఆఖర్న అన్నం. కూరలు ముందు తిని అన్నం తరవాత తిన్నవాళ్ళలో గ్లూకోజు నెమ్మదిగా పెరుగుతున్నట్టు పరిశోధనలున్నాయి. ఎవరికీ ఏమీ చెప్పకుండానే, ఎవరి కంచం నుంచీ ఏమీ తియ్యకుండానే చాలా మార్పు వస్తుంది.

రెండో పని, కూరగాయలు తూచటం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కావాలి. వందమంది ఉన్న కోర్సుకు రోజుకు 40 కిలోలన్న మాట. మన స్టోరు పుస్తకం తీసి చూడండి, అందులో ఎంత ఉందో. బంగాళాదుంప ఈ లెక్కలోకి రాదు. ఉప్పు లెక్క దీనికి తిరగేసి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు మనిషికి రోజుకు 5 గ్రాములు, వందమందికి అరకిలో. పచ్చళ్ళలో, అప్పడాల్లో, మజ్జిగలో ఉన్నదంతా కలిపి అరకిలో. వంట మాస్టారు ఒకరోజు ఉప్పు డబ్బా తూచి మొదలుపెట్టి, రాత్రి మళ్ళీ తూస్తే విషయం తెలిసిపోతుంది.

బియ్యం విషయంలో తొందరపడొద్దు. ఒక్కసారిగా దంపుడు బియ్యం వండితే పళ్ళు లేని పెద్దవాళ్ళు నమలలేరు, అలవాటు లేనివాళ్ళకు కడుపు ఉబ్బుతుంది. మనం తినే సాంబమసూరి, మన బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204 అనే వరి రకం. ఆ బియ్యాన్నే సింగిల్ పాలిష్, అంటే ఒక్కసారే పాలిష్, పట్టించి వండితే తవుడు పొర కొంతైనా మిగులుతుంది, అన్నం మెత్తగానే ఉంటుంది. ఆరు నెలలు అలా అలవాటయ్యాక వారంలో రెండు రోజులు కొర్ర పెసర పులగమో, సామల అన్నమో పెట్టండి. రాత్రే నానబెట్టుకోవాలి, అది మరిస్తే చిరుధాన్యాలంటేనే జనం భయపడతారు. డాక్టర్ ఖాదర్ వలీ ప్రసంగాలు విని చాలా ఇళ్ళలో కొర్రలు, అండుకొర్రలు ఎప్పుడో చేరాయి. వాటితో సర్వరోగాలూ పోతాయని మనం చెప్పక్కర్లేదు. పీచున్న తిండి, కడుపులో ఎక్కువసేపు నిలిచే తిండి, నీళ్ళు తక్కువ తాగే పంట, ఇంత చాలు.

నూనె గురించి రెండే మాటలు. గానుగ నువ్వుల నూనె, వేరుశనగ నూనె వాడండి, ఇప్పుడు పోస్తున్నదానిలో సగమే పొయ్యండి. టీలో పంచదార తగ్గించండి. బెల్లం వేస్తే సరిపోతుందనుకోవద్దు, అదీ తీపే.

కారం దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు ఆగాలి, మనం గుంటూరు వాళ్ళం. "ఉప్పూకారం తగ్గిస్తే ఇక్కడివాళ్ళు తింటారా?" అని మీరు తప్పకుండా అడుగుతారు. తింటారు. కృష్ణ ఒడ్డున ఉండవల్లిలో మంతెన సత్యనారాయణరాజు గారి ఆశ్రమానికి వెళ్ళి ఉప్పూ నూనె లేని భోజనం తినివస్తున్నది ఈ ప్రాంతం జనమే. మనం అంత దూరం పోనక్కర్లేదని నా ఉద్దేశం. ధ్యానానికి వచ్చిన మనిషికి మౌనం, కదలకుండా కూర్చోవటం, ఫోను లేకపోవటం, రాత్రి భోజనం లేకపోవటం ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. దాని మీద చప్పిడి తిండి కూడా పెడితే మనసంతా తిండి చుట్టే తిరుగుతుంది. బుద్ధుడే ఎముకలగూడు అయ్యేదాకా పస్తులుండి చూసి, అది దారి కాదని వదిలేసి సుజాత ఇచ్చిన పాయసం తీసుకున్నాడు. ఆ మధ్యేమార్గం వంటకూ వర్తిస్తుంది. దోసకాయ పచ్చడి, బీరపొట్టు పచ్చడి, గోంగూర పప్పు ఉండనివ్వండి. ఎర్రగా వేయించిన వేపుళ్ళు, నిలవ పచ్చళ్ళు పోనివ్వండి.

నా బాధ కారం ఘాటు గురించి కాదు, ఆ మిరపకాయ ఎలా పండిందన్న దాని గురించి. మిర్చి పంట మీద ఎన్ని మందులు కొడతారో ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. గుంటూరు మిర్చి యార్డు నుంచి విదేశాలకు పంపే సరుకుకు మందుల అవశేషాల పరీక్షలు చేయిస్తారు. మన వంటింటికి వచ్చే కారానికి ఎవరు చేయిస్తున్నారు? కోర్సు మొదలయ్యే సాయంత్రం మనమంతా చేతులు జోడించి, ప్రాణహింస చెయ్యనని మొదటి శీలం తీసుకుంటాం. మర్నాడు పొద్దున మన పప్పులోకి వచ్చే కారం వెనక, ముక్కుకు తువ్వాలు కట్టుకుని ఎండలో మందు కొట్టిన కూలీ ఉన్నాడు. ఆ చేలో చచ్చిపోయిన వానపాములు, తేనెటీగలు ఉన్నాయి. పురుగు చావని వ్యవసాయం ఉంటుందని నేను అనటం లేదు. తక్కువ హింసతో పండినది మన పక్క ఊళ్ళోనే దొరుకుతుంటే దాన్ని తెచ్చుకోకపోవటం మాత్రం మన శీలానికి తగదు.

అది ఎంత దగ్గర్లో దొరుకుతుందో చూడండి. 2016లో రాష్ట్రంలో మొదలైన ప్రకృతి సేద్యం కార్యక్రమాన్ని నడిపే రైతు సాధికార సంస్థ ఆఫీసు గుంటూరులోనే ఉంది. 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. ఆవు పేడ, మూత్రం, బెల్లం, శనగపిండితో చేసే జీవామృతం, వేపాకు కషాయాలు, వానలకు ముందే చల్లే నవధాన్య విత్తనాలు, వీటితో పొలం చేస్తున్న మహిళా సంఘాల వాళ్ళు చాలా ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళకు పంట పండించటం సమస్య కాదు, ఖాయంగా కొనేవాళ్ళు దొరకటమే సమస్య. ఆకుకూర తెల్లారి కోసి మధ్యాహ్నానికి అమ్ముడుపోకపోతే పశువులకు వెయ్యాల్సిందే. నెలనెలా కోర్సు జరిగే కేంద్రం, తేదీలు ఏడాది ముందే ఖాయమయ్యే కేంద్రం, వాళ్ళకు ఎంత ధైర్యం! "ఫలానా తేదీ నుంచి పది రోజులు, రోజుకు ఇన్ని కిలోల తోటకూర, ఇన్ని సొరకాయలు" అని మనం రెండు నెలల ముందే చెప్పగలం. అలా చెప్పగలిగే కొనుగోలుదారు రైతుకు ఎక్కడ దొరుకుతాడు? తిరుమలలో ప్రసాదాలకు ప్రకృతి సేద్యపు సరుకు కొనటం మొదలుపెట్టారు. అంత పెద్ద వంటశాలకు సాధ్యమైంది మనకు అసాధ్యం కాదు.

దాతల సంగతి చాలా సున్నితమైనది, మీరు ఇబ్బంది పడేదీ ఇక్కడే అని నాకు తెలుసు. తండ్రి వర్ధంతి అని ఒకరు బందరు లడ్డూ పెట్టెలు తెస్తారు. అబ్బాయికి ఉద్యోగం వచ్చిందని మరొకరు ఆ పూట పూరీ, బంగాళాదుంప కూర, గులాబ్ జామ్ పెట్టించమంటారు. విజయవాడలో, గుంటూరులో ఒకరికి పెట్టటమంటే తీపి పెట్టటమే, వాళ్ళ ప్రేమ అలా ఉంటుంది. వద్దంటే నొచ్చుకుంటారు. వద్దనే బదులు, ఏం ఇవ్వొచ్చో ముందే చెప్పండి. ఆఫీసు గదిలో దానాల పట్టిక మార్చండి: ఒక కోర్సుకు సరిపడా రాగులు, పది రోజుల పళ్ళు, ఒక నెల గానుగ నూనె, ఒక రైతు కుటుంబం దగ్గర కొన్న ఆకుకూరలు. రసీదులో దాత పేరు పక్కన ఆ పంట పేరు, పండించిన ఊరి పేరు రాయండి. తండ్రి పేరు మీద వందమందికి పది రోజులు జావ పోయించానని ఆ కొడుకు గర్వంగా చెప్పుకుంటాడు.

ఈ నేలలో దానం ఎప్పుడూ మామూలు మనుషులదే. అమరావతి స్తూపానికి రాళ్ళు చెక్కించి ఇచ్చినవాళ్ళలో గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు ఉన్నారు, విధికుడనే చర్మకారుడూ ఉన్నాడు. ఆయన తన ఇంటివాళ్ళతో కలిసి ఇచ్చిన రాతిపలక మీద పూర్ణఘటం, అంటే నిండు కలశం బొమ్మ, ఉంది. మన రాష్ట్ర చిహ్నంలో కనిపించే పూర్ణఘటానికి మూలం ఆ అమరావతి శిల్పమే. ప్రకృతి సేద్యం చేసే ఒక రైతు తన పొలంలో పండిన నాలుగు సొరకాయలు తెచ్చి గేటు దగ్గర ఇస్తే, లక్ష రూపాయల చెక్కుకు రాసినంత శ్రద్ధగా రసీదు రాసి ఇవ్వాలి.

షుగరు ఉన్నవాళ్ళ గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్తిగా మిగులుతుంది. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మన కోర్సుకు వచ్చే నడివయసు వాళ్ళలో వాళ్ళు తప్పకుండా ఉంటారు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, కొన్ని రకాల మాత్రలు మింగేవాళ్ళు రాత్రి భోజనం లేకుండా ఉంటే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. దరఖాస్తులో జబ్బుల గురించి అడుగుతున్నారు కానీ, ఆ కాగితం వంటింటి దాకా రావటం లేదు. అలాంటివాళ్ళ పేర్లు మొదటి రోజే వంటింటికి తెలియాలి. వాళ్ళు రాకముందే తమ డాక్టరుతో మందుల మోతాదు మాట్లాడుకుని రావాలని రాతపూర్వకంగా చెప్పాలి. పాత సాధకులైనా సరే, వాళ్ళకు సాయంత్రం తిండి ఉండాలి. రాత్రిపూట చెమటలు పట్టి, చేతులు వణికితే ఎవరిని లేపాలో వాళ్ళకు చూపించాలి. ఈ ఒక్క విషయంలో ఏడాది గడువు లేదు, వచ్చే కోర్సు నుంచే జరగాలి.

ఖర్చు పెరుగుతుంది, కాదనను. గానుగ నూనె ధర రిఫైన్డ్ నూనెకు దాదాపు రెండింతలు. సింగిల్ పాలిష్ బియ్యం పురుగు త్వరగా పడుతుంది కాబట్టి బస్తాలు బస్తాలు నిలవ పెట్టలేం, నెలనెలా కొనాలి. ఇంకోవైపు వేపుళ్ళు, పూరీలు పోతే నూనె సగం మిగులుతుంది. సీజన్లో వచ్చే కూరలే వండితే క్యాలీఫ్లవర్‌కు, క్యాప్సికమ్‌కు పోసే డబ్బు తగ్గుతుంది. వంటింటి నీళ్ళు వెనక్కి మళ్ళించి మునగ, కరివేపాకు, అరటి, బొప్పాయి పెంచుకునే స్థలం మనకుంది. కూరగాయల తొక్కులన్నీ ఇప్పుడు మున్సిపాలిటీ ట్రాక్టరులో పోతున్నాయి, అవి మన మొక్కలకే ఎరువు కావాలి.

డబ్బు కంటే పెద్ద చిక్కు మనుషులది. నలభై కిలోల కూరగాయలు అంటే గోరుచిక్కుడు ఈనెలు తీయాలి, తోటకూర కాడలు తుంచాలి, మునగాకు దూయాలి, ఇసుక పోయేదాకా మూడు నాలుగు నీళ్ళు కడగాలి. బంగాళాదుంపలు వండినంత సులువు కాదు. మీరు మంచి నిర్ణయం తీసుకుని ఆ భారమంతా ఉన్న నలుగురు సేవకుల మీద వేస్తే రెండు కోర్సులకే వాళ్ళు అలసిపోతారు, వంటిల్లు మళ్ళీ వేపుళ్ళకు తిరిగిపోతుంది. అందుకని కమిటీలో ఈ విషయం మాట్లాడేరోజు వంట మాస్టారును, గిన్నెలు తోమే అమ్మాయిలను కూడా కూర్చోబెట్టండి. ఏ మార్పు ముందు, ఏది వెనక అన్నది వాళ్ళనే చెప్పనివ్వండి. కూరగాయలు తరగటానికి పది రోజులూ లోపల ఉండే సేవకులే కావాలనే నిబంధన సడలించండి. మధ్యాహ్నం రెండింటికి వచ్చి, మౌనంగా ఆకుకూర బాగుచేసి, నాలుగున్నరకు వెళ్ళిపోయే స్థానిక సేవకులకు అనుమతి ఇవ్వండి. రిటైరైన టీచర్లు, పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులు, ఇలాంటి పనికి ఎదురుచూసేవాళ్ళు విజయవాడ, గుంటూరు రెండు ఊళ్ళలోనూ చాలామంది ఉన్నారు.

నాతో రావటానికి మా వీధిలోనే నలుగురు ఒప్పుకున్నారు. ఆకుకూరల కత్తిపీటలు కూడా మేమే తెచ్చుకుంటాం. వచ్చే కోర్సులో ఏ రోజు నుంచి రమ్మంటారో కబురు పెట్టండి.

ఇట్లు,
ఒక పాత సాధకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.